తేడాలో ఉన్న బలం

తెలుగువారి వాడుకలో ‘కరెంటు’ అన్న ఒక్క మాట నాలుగు వేర్వేరు విషయాలను మోస్తూ ఉంటుంది. ‘కరెంటు పోయింది’ అన్నప్పుడు సరఫరా ఆగిందని, ‘కరెంటు తక్కువగా వస్తోంది’ అన్నప్పుడు వోల్టేజీ పడిపోయిందని, ‘ఈ గీజరు కరెంటు బాగా తింటుంది’ అన్నప్పుడు శక్తి ఖర్చవుతోందని, ‘కరెంటు కొట్టింది’ అన్నప్పుడు మాత్రం ఒంట్లోంచి విద్యుత్తు ప్రవహించిందని అర్థం. భౌతికశాస్త్రం ఆ పేరును ప్రవాహానికే కేటాయించింది కనుక, శాస్త్రం చెప్పే అర్థంలో జనం ఆ మాటను వాడేది ప్రమాదం జరిగినప్పుడే అనాలి. సందర్భాన్ని బట్టి వినేవారికి విషయం తెలిసిపోతుంది కాబట్టి వాడుకలో ఇది తప్పేమీ కాదు. కాని ఇంటి గోడల్లో తీగలు రెండేసి ఎందుకు పోతాయో, ప్లగ్గుకు మూడో కాలు ఎందుకుందో, తీగ మీద వాలిన కాకికి ఏమీ కాకుండా అదే తీగను నేల మీద నిలబడి తాకిన మనిషి ఎందుకు పోతాడో తెలియాలంటే ఈ నాలుగింటినీ విడదీయక తప్పదు. వాటిలో ఎక్కువ అపార్థానికి గురయ్యేది వోల్టేజీ. అది ఎప్పుడూ రెండు చోట్ల మధ్య ఉండే తేడాయే. ఒక్క చోటును వేలితో చూపించి ఇక్కడ ఇంత వోల్టేజీ ఉందని చెప్పడానికి వీల్లేదు. ఇంటి వైరింగులోని ముడులు చాలావరకు ఈ ఒక్క కొసను పట్టుకుంటే విడిపోయేవే.

నీటి మట్టం, విద్యుత్ మట్టం

వానాకాలంలో తెలుగు పత్రికలు రోజూ జలాశయాల మట్టాలను ప్రకటిస్తాయి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. ఈ అంకెలు జలాశయం లోతును చెప్పవు. సముద్రమట్టాన్ని సున్నాగా తీసుకొని అక్కడి నుంచి నీటి ఉపరితలం ఎంత ఎత్తున ఉందో చెబుతాయి. అయితే శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రంలోని టర్బైనుకు సముద్రంతో పనిలేదు. తనకు పైన నిలిచిన నీటికీ, తనను దాటి సాగర్ వైపు వెళ్లే నీటికీ మధ్య ఉన్న ఎత్తు తేడాయే దాన్ని తిప్పుతుంది, దిగువన సాగర్ నిండి వెనుక జలాలు శ్రీశైలం డ్యాం పాదాల దాకా వచ్చి నిలిస్తే ఆ తేడా కొంత తరుగుతుంది కూడా. పైన ఎంత నీరున్నా కింద సైతం అదే మట్టంలో నీరుంటే టర్బైను కదలదు.

విద్యుత్తులో ఈ మట్టానికి సమానమైన దాన్ని పాఠ్యపుస్తకాలు పొటెన్షియల్ అని, రెండు చోట్ల మధ్య దాని తేడాను పొటెన్షియల్ భేదం అని అంటాయి. ఆ తేడాను వోల్టులలో కొలుస్తారు కనుక జనవ్యవహారంలో అది వోల్టేజీ అయింది. ఇటలీ శాస్త్రజ్ఞుడు అలెస్సాండ్రో వోల్టా జింకు, వెండి బిళ్లలను ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలతో ఎడం చేస్తూ దొంతరగా పేర్చి, నిలకడైన విద్యుత్ ప్రవాహాన్ని ఇవ్వగల తొలి సాధనాన్ని 1800లో లోకానికి వెల్లడించాడు. బిళ్లల జతలు పెరిగిన కొద్దీ దొంతర పైకొనకూ కింది కొనకూ మధ్య తేడా పెరుగుతూ పోయింది. నేటి టార్చిలైటులో రెండు సెల్లులను ఒకదాని వెనక ఒకటి వేసి ఒకటిన్నర వోల్టులను మూడు వోల్టులుగా చేసుకోవడం ఆ దొంతరకు వారసత్వమే.

ఒక చోట నుంచి మరో చోటికి ఒక కూలుంబు విద్యుదావేశం చేరుతూ ఒక జౌలు శక్తిని దారిలో వదిలిపెడితే ఆ రెండు చోట్ల మధ్య తేడా ఒక వోల్టు అని లెక్క. (కూలుంబు అంటే ఆవేశాన్ని కొలిచే కుంచం, జౌలు అంటే శక్తిని కొలిచే కుంచం అనుకుంటే చాలు.) ఆ ప్రకారం భారతదేశపు ఇళ్లకు వచ్చే 230 వోల్టుల సరఫరాలో ప్రతి కూలుంబూ 230 జౌళ్ల శక్తిని అప్పగిస్తుంది. కిలో బరువున్న రాయి దాదాపు ఎనిమిది అంతస్తుల మేడ మీంచి పడినప్పుడు వెలువడే శక్తి అంత ఉంటుంది. సెకనుకు ఒక కూలుంబు చొప్పున సాగే ప్రవాహం ఒక ఆంపియరు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే సెకనుకు ఎన్ని జౌళ్లు అందుతున్నాయో వస్తుంది. దాన్నే వాట్లు అంటారు. రెండు వేల వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లను, తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక ఆంపియరులో పాతికో వంతును లాగడం ఈ గుణకారం ఫలితమే. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే 36 లక్షల జౌళ్లు. కరెంటు బిల్లులో ‘యూనిట్టు’ అని అచ్చయ్యేది ఇదే. ఆంపియర్ల సంగతి బిల్లుకు పట్టదు, ఆ పట్టింపు తీగకే.

ప్రవాహానికి అడ్డుపడే గుణం నిరోధం. సన్నని గొట్టంలో నీరు నెమ్మదించినట్టు సన్నని తీగలో, పొడవాటి తీగలో ప్రవాహం తగ్గుతుంది; నిరోధం మారనంతవరకు ప్రవాహం వోల్టేజీకి అనుపాతంలో ఉంటుందని జర్మనీకి చెందిన గెయోర్గ్ ఓమ్ 1827లో ప్రచురించాడు. మేడ మీది నీళ్ల ట్యాంకు, గొట్టం, కుళాయి అన్న పోలిక ఇక్కడిదాకా చక్కగా సాగుతుంది. ట్యాంకుకు దగ్గరగా ఉన్న పై అంతస్తు కుళాయి కన్నా కింది అంతస్తు కుళాయిలో నీరు ఎక్కువ వేగంతో పడుతుందని ప్రతి గృహిణికీ తెలుసు గనుక వోల్టేజీకీ ప్రవాహానికీ సంబంధం బోధపరచడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. చిక్కంతా ఈ పోలికను అది పనిచెయ్యని చోటికి కూడా లాక్కుపోవడం వల్ల వస్తుంది. కుళాయిలోంచి పడ్డ నీరు బకెట్లోకో కాలువలోకో పోతుంది, ట్యాంకుకు తిరిగి రాదు. కాబట్టి గొట్టం ఒక్కటే చాలు. తీగ కూడా గొట్టం లాంటిదే అయితే ఫ్యానుకు ఒక్క తీగ సరిపోవాలి, తెగిన తీగ కొసలోంచి విద్యుత్తు గదిలోకి కారిపోవాలి. రెండూ జరగవు.

కవ్వం తాడు

ఈ లోటును పూడ్చే పోలిక పాతకాలపు తెలుగు వంటింట్లోనే ఉంది. పెరుగు కుండలో నిలువుగా నిలిపిన కవ్వానికి తాడు రెండు మూడు చుట్లు చుట్టి, రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకొని, ఒకసారి కుడి కొసను, ఒకసారి ఎడమ కొసను లాగుతూ ఉంటే కవ్వం గిరగిరా తిరుగుతుంది. తాడు ఎక్కడికీ పోదు, వెన్నగా మారదు, చేతుల్లో ఎంత తాడుందో చిలకడం అయ్యాక కూడా అంతే ఉంటుంది; చేతి బలం మాత్రం తాడు మీదుగా కవ్వానికి, కవ్వం మీదుగా పెరుగుకు చేరిపోతుంది. ఒక కొసను వదిలేస్తే రెండో కొసను ఎంత లాగినా కవ్వం తిరగదు, తాడు ఊడి చేతికి వస్తుంది. పాలసముద్రాన్ని చిలకడానికి వాసుకి తలవైపు ఒక జట్టు, తోకవైపు ఒక జట్టు కావలసి వచ్చిందన్న కథలో యంత్రశాస్త్రపరంగా లోపమేమీ లేదు.

ఇంటికి వచ్చే విద్యుత్తు ఏకాంతర ప్రవాహం, అంటే క్షణక్షణం దిశ మార్చుకొనే ప్రవాహం. భారతదేశంలో అది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. రెండు తీగల మధ్య తేడా సున్నా నుంచి 325 వోల్టుల దాకా ఎక్కి, మళ్లీ సున్నాకు దిగి, ఎదురు దిశలో 325 దాకా వెళ్లి వెనక్కి రావడం ఒక ఊపు. 230 అన్నది దీనికి ఇచ్చిన సరిసమాన విలువ: ఇస్త్రీపెట్టెలో ఈ ఊగే వోల్టేజీ ఎంత వేడి పుట్టిస్తుందో, నిలకడగా ఉండే 230 వోల్టులు కూడా అంతే వేడి పుట్టిస్తాయి. ఇక తీగలోని ఎలక్ట్రాన్ల ప్రయాణం మరీ స్వల్పం. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల అడ్డుకోత గల రాగి తీగలో ఐదు ఆంపియర్లు పారుతున్నప్పుడు వాటి సగటు వేగం సెకనుకు మిల్లీమీటరులో సుమారు ఏడో వంతు. అదీ సగం ఊపుకోసారి దిశ మారుతుంది గనుక అవి మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త మించి మాత్రమే కదులుతూ ఉన్నచోటే ఊగుతూ ఉంటాయి. స్విచ్చు వేసీ వేయగానే బల్బు వెలగడానికి కారణం శ్రీశైలంలో బయలుదేరిన ఎలక్ట్రాను పరుగెత్తుకు రావడం అనుకుంటే పొరపాటు. తాడు ఒక కొస కదలగానే రెండో కొసకు కదలిక తెలిసినట్టు, దారి పొడవునా అప్పటికే నిండి ఉన్న ఎలక్ట్రాన్లు దాదాపు ఒకేసారి ఊగడం మొదలుపెడతాయి. గీజరు ‘కరెంటు తింటుంది’ అనడం కూడా ఈ దృష్టితో చూస్తే సరికాదు. ఒక తీగ మీద ఎన్ని ఆంపియర్లు లోపలికి వెళ్లాయో రెండో తీగ మీద అన్నీ బయటికి వస్తాయి, గీజరు తినేది ఆ ఊపులోని శక్తిని.

స్తంభం నుంచి మీటరు దాకా

ఊరి చివర సబ్‌స్టేషను నుంచి బయలుదేరే లైనులో రెండు తీగల మధ్య 11,000 వోల్టుల తేడా ఉంటుంది. ఇంత ప్రమాదకరమైన వోల్టేజీని వీధుల మీదుగా తీసుకురావడం ఎందుకన్న ప్రశ్నకు సమాధానం తీగల్లో పుట్టే వేడిలో ఉంది. ఆ వేడి ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగింతలు, పది రెట్లయితే నూరింతలు. ఇరవై మూడు వేల వాట్ల శక్తిని రెండు తీగల మీద 230 వోల్టులతో పంపాలంటే నూరు ఆంపియర్లు పారాలి, 11,000 వోల్టులతో పంపితే రెండు ఆంపియర్లకు కాస్త ఎక్కువ చాలు. అదే తీగలో వృథా రెండు వేల రెట్లకు పైగా తగ్గిపోతుంది. దూరం పెరిగిన కొద్దీ ఈ పొదుపు అవసరం పెరుగుతుంది కనుకనే రాష్ట్రాల మధ్య నడిచే లైన్లు నాలుగు లక్షల, ఏడు లక్షల అరవై ఐదు వేల వోల్టుల దాకా వెళ్లాయి.

వీధి స్తంభాల మీది ట్రాన్స్‌ఫార్మరు ఈ తేడాను ఇళ్లకు పనికొచ్చే స్థాయికి దింపుతుంది. దానికి మూడు తీగలు వస్తాయి, దాని నుంచి నాలుగు బయలుదేరతాయి. వాటిలో మూడు ఫేజులు, నాలుగోది న్యూట్రల్. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు ఉంటాయి. ఫేజులు మూడూ ఒకేసారి ఊగకుండా ఒకదాని వెనక ఒకటి వంతులవారీగా ఊగుతాయి కాబట్టి ఏ రెండు ఫేజుల మధ్యనైనా సుమారు 400 వోల్టుల తేడా కనిపిస్తుంది. పొలం మోటార్లు, పిండిమరలు వాడుకొనేది ఈ తేడాను. న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే భూమిలో పాతిన లోహానికి గట్టిగా కలుపుతారు. జలాశయాలకు సముద్రమట్టం ఎలాంటిదో ఇళ్ల విద్యుత్తుకు న్యూట్రల్ అలాంటిది; అది సున్నా అని అందరూ ఒప్పుకొని భూమికి కట్టేశారు. ఆ కట్టు తెగితే ఏమవుతుందో చూస్తే వోల్టేజీ తేడా అన్న మాటలోని లోతు తెలుస్తుంది.

వీధిలో న్యూట్రల్ తీగ తెగిందని, తెగిన చోటుకు అవతల రెండే ఇళ్లున్నాయని, ఒకటి ఒక ఫేజు మీద, రెండోది మరో ఫేజు మీద ఉన్నాయని అనుకోవచ్చు. ఇంతకుముందు రెండు ఇళ్ల ప్రవాహాలూ న్యూట్రల్ మీదుగా ట్రాన్స్‌ఫార్మరుకు తిరిగి వెళ్లేవి. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది గనుక మొదటి ఫేజులో బయలుదేరిన ప్రవాహం మొదటి ఇంట్లోంచి, మిగిలిన న్యూట్రల్ ముక్క మీదుగా రెండో ఇంట్లోకి వెళ్లి రెండో ఫేజుకు చేరుతుంది. అంటే రెండు ఇళ్లూ ఒకే గొలుసులో రెండు లంకెలై 400 వోల్టులను పంచుకుంటాయి. పంపకం సమానంగా జరగదు. ఎక్కడ నిరోధం ఎక్కువో అక్కడ ఎక్కువ వోల్టేజీ పడుతుంది. మొదటి ఇంట్లో రెండు వేల వాట్ల గీజరు, రెండో ఇంట్లో నూరు వాట్ల బల్బు ఒక్కటే ఉంటే వాటి నిరోధాలు సుమారు 26 ఓములు, 529 ఓములు. కాబట్టి 400 వోల్టులలో గీజరు వాటాకు ఇరవై వోల్టులు కూడా రావు, బల్బు మీద మాత్రం 380 వోల్టులు విరుచుకుపడతాయి. గీజరున్న ఇంట్లో నీళ్లు కాగవు, అంతే. ఒక్క బల్బుతో సరిపెట్టుకొన్న ఇంట్లో ఆ బల్బూ పోతుంది, ఆ సమయంలో టీవీ పెడితే అదీ పోతుంది. ‘హై వోల్టేజీ వచ్చి వీధంతా టీవీలు కాలిపోయాయి’ అన్న కబురు వెనక చాలాసార్లు ఉండేది ఎక్కడి నుంచో పొంగి వచ్చిన కరెంటు కాదు, తెగిన న్యూట్రల్.

లో వోల్టేజీ కథ దీనికి పూర్తిగా వేరు. పొడవాటి లైను చివరి ఇంటికి చేరేలోగా తీగల నిరోధం కొంత తేడాను మింగేస్తుంది, లైను మీద వాడకం పెరిగిన కొద్దీ ఆ మింగుడు పెరుగుతుంది. బల్బు మసకబారితే సర్దుకోవచ్చు గాని బోరుబావి మోటారుకు ఆ వెసులుబాటు లేదు. నీటి బరువు తగ్గదు కనుక తగ్గిన వోల్టేజీని భర్తీ చేసుకోవడానికి మోటారు మరిన్ని ఆంపియర్లు లాగుతుంది, చుట్టలు వేడెక్కి కాలిపోతాయి. ఆటోస్టార్టర్లు ఉన్న పొలాల్లో సరఫరా రాగానే మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. మామూలు కన్నా కొన్ని రెట్ల ప్రవాహం కావలసిన ఆ క్షణంలోనే లైను వోల్టేజీ అడుగంటుతుంది.

గోడ లోపల

వినాయక చవితి పందిళ్లకు చుట్టే పాతకాలపు సీరియల్ సెట్టులో ఆరు వోల్టుల చిన్న బల్బులు నలభై దాకా ఒకదాని వెనక ఒకటి గుచ్చి ఉంటాయి. 230 వోల్టులను అవి తలా కొంత పంచుకుంటాయి, ఒక్కటి మాడినా దండంతా ఆరిపోతుంది. ఇంటి వైరింగు ఇందుకు విరుద్ధం. ఫేజు, న్యూట్రల్ అన్న రెండు తీగలు నిచ్చెన నిలువు కర్రల్లా ఇల్లంతా సాగితే ప్రతి పరికరమూ వాటి మధ్య ఒక మెట్టులా అమరుతుంది. ప్రతి మెట్టుకూ పూర్తి 230 వోల్టులు అందుతాయి, ఒక మెట్టు ఊడినా మిగతావి నిలబడతాయి. మెట్లు పెరిగిన కొద్దీ వోల్టేజీ మారకుండా ప్రవాహాలు మాత్రం కలుస్తూ పోతాయి, ఆ మొత్తాన్ని మోసేది మీటరు దగ్గరి తీగ.

అందుకే తీగ మందానికి అంత ప్రాధాన్యం. దీపాలకు, ఫ్యాన్లకు ఒకటి లేదా ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగ చాలుతుంది; పదహారు ఆంపియర్ల పవర్ ప్లగ్గులకు రెండున్నర, పెద్ద ఏసీకి నాలుగు వేస్తారు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగను ముప్పై మీటర్ల దూరం లాగి పది ఆంపియర్ల పరికరాన్ని తగిలిస్తే, రానుపోను అరవై మీటర్ల తీగ నిరోధం ఒక ఓము అవుతుంది గనుక పది వోల్టులు దారిలోనే పోతాయి, నూరు వాట్ల వేడి గోడలోని గొట్టంలో పుడుతుంది. తీగంతా పరచుకొన్న వేడి కన్నా ఒక్కచోట కుదురుకొన్న వేడి మరీ చెడ్డది. సరిగ్గా బిగించని మరలోనో, వదులుగా మెలిపెట్టిన అతుకులోనో అర ఓము నిరోధం ఏర్పడితే పది ఆంపియర్లకు అక్కడ యాభై వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు చేసేవారి సోల్డరింగ్ ఐరన్ పాతిక వాట్లదే. నల్లబడిన ప్లగ్గు రంధ్రం, స్విచ్చుబోర్డు దగ్గర వచ్చే కమురు వాసన దీని ఆనవాళ్లు. ఇంతటి వేడి పుడుతున్నా మొత్తం ప్రవాహం పెరగదు కాబట్టి ఫ్యూజు దీన్ని కనిపెట్టలేదు.

ఫ్యూజును చెరువు అలుగుతో పోల్చాలనిపిస్తుంది గాని ఆ పోలిక నిలవదు. అలుగు ఎక్కువైన నీటిని పక్కకు వదిలి కట్టను కాపాడుతుంది, ఫ్యూజు తానే తెగిపోయి ప్రవాహాన్ని పూర్తిగా ఆపేస్తుంది. దారిలో అన్నిటికన్నా బలహీనమైన చోటు గోడ లోపల కాకుండా కంటికి కనిపించే చోట ఉండేలా ఉద్దేశపూర్వకంగా ఏర్పాటు చేసిన సన్నని తీగ అది. మాటిమాటికీ పోతోందని విసిగి దాని స్థానంలో దళసరి రాగి తీగ చుట్టేవారు ఆ బలహీనతను తిరిగి గోడలోకి పంపిస్తున్నారన్నమాట. ఎంసీబీ అనే స్విచ్చు ఇదే పనిని చేసి, తెగిపోకుండా పడిపోతుంది, మళ్లీ ఎత్తితే నిలబడుతుంది. రెండూ తీగను కాపాడడానికి పుట్టినవి. మనిషిని కాపాడడం వాటి చేత కాదు.

స్విచ్చు ఎప్పుడూ ఫేజు తీగలోనే ఉండాలన్న నియమం వెనక కూడా తేడా సూత్రమే ఉంది. న్యూట్రల్‌లో స్విచ్చు పెట్టినా బల్బు ఆరుతుంది, వెలుగుతుంది, ఎవరికీ అనుమానం రాదు. కాని ఆర్పిన తరవాత కూడా హోల్డరు ఫేజు మట్టంలోనే మిగిలి ఉంటుంది; బల్బు మార్చడానికి తడినేల మీద నిలబడి చెయ్యి పెట్టినవారు భూమికీ దానికీ మధ్య ఉన్న 230 వోల్టుల తేడాకు తామే దారి అవుతారు.

ఒంట్లోంచి పోయే దారి

తీగ మీద వాలిన కాకి రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉంటాయి, వాటి మధ్య తేడా లేదు, ప్రవాహమూ లేదు. రెక్కలు చాచినప్పుడు రెండు తీగలను ఒకేసారి తాకేంత పెద్ద గబ్బిలం అదే లైను మీద మాడిపోతుంది. మనిషి విషయంలో రెండో చోటు చాలావరకు కాళ్ల కింది నేల. పొడి చర్మం నిరోధం ఎక్కువే గాని తడిసిన చర్మంతో ఒంటి నిరోధం వెయ్యి ఓముల దరిదాపులకు దిగుతుంది, అప్పుడు 230 వోల్టులు ఒంట్లోంచి 230 మిల్లీ ఆంపియర్లను, అంటే ఆంపియరులో నాలుగో వంతుకు కాస్త తక్కువను పంపగలవు. ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లకు జివ్వుమంటుంది. పది దాటాక కండరాలు బిగుసుకొని పట్టుకొన్నదాన్ని వదలలేని స్థితి వస్తుంది. యాభై దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. పల్లెల్లో బట్టలారేసే దండెం ఇందుకే ప్రాణాలు తీస్తుంది. రేకుల ఇంటి చూరుకు కట్టిన ఇనుప తీగకు పైనున్న సర్వీసు వైరు రాసుకొని రాసుకొని తొడుగు ఊడిపోతే దండెమంతా ఫేజు మట్టానికి చేరుతుంది, చూడడానికి ఏ తేడా కనిపించదు. తడి బట్టలతో, తడి చేతులతో, వట్టి కాళ్లతో తడి నేల మీద నిలబడే మనిషి వచ్చేదాకా దానికి దారి దొరకదు.

ఎర్తింగు ఉద్దేశం ఈ దారికి పోటీగా మరో మంచి దారిని ముందే వేసి ఉంచడం. గీజరు, వాషింగ్ మిషను, ఫ్రిజ్‌ల లోహపు ఒంటిని ఆకుపచ్చ తీగతో బోర్డులోని మూడో రంధ్రం మీదుగా ఇంటి బయట గోతిలో ఉప్పు, బొగ్గు నడుమ పాతిన గొట్టానికి కలుపుతారు. లోపల ఫేజు తీగ తొడుగు చెడి ఒంటికి తగిలితే ప్రవాహం ఆ దారి పడుతుంది. భూమి దాన్ని మింగేస్తుందన్న నమ్మకం విస్తృతంగా ఉన్నా నిజానికి అది మట్టిలోంచి ప్రయాణించి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర భూమికి కట్టిన న్యూట్రల్‌కు చేరుకుంటుంది; తాడు రెండో కొస అక్కడే ఉంది. అయితే ఇంటి గోతి, ట్రాన్స్‌ఫార్మరు గోతి రెండింటి నిరోధం కలిసి పది ఓములున్నా ఆ దారిలో 23 ఆంపియర్లకు మించి పారలేవు. ఇళ్లలో సాధారణంగా వాడే సి తరగతి పదహారు ఆంపియర్ల ఎంసీబీ తక్షణం పడిపోవడానికి 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి గనుక అది చాలాసేపు చూస్తూ ఊరుకుంటుంది, ఆ లోపల గీజరు ఒళ్లు ప్రమాదకరమైన మట్టంలోనే ఉండవచ్చు.

ఈ ఖాళీని పూరించేది ఆర్‌సీసీబీ. గొర్రెల కాపరి పొద్దున దొడ్డి తలుపు దగ్గర లెక్కపెట్టి పంపిన మందను సాయంత్రం అదే తలుపు దగ్గర మళ్లీ లెక్కపెట్టి, ఒక్కటి తగ్గినా కేక వేసినట్టు, ఈ సాధనం ఫేజులో వెళ్లిన ప్రవాహాన్నీ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన ప్రవాహాన్నీ నిరంతరం సరిచూస్తుంది. రెండు తీగలూ ఒకే ఇనుప వలయంలోంచి వెళ్తాయి, వాటి అయస్కాంత ప్రభావాలు ఎదురెదురు దిశల్లో ఉండి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ముప్పై మిల్లీ ఆంపియర్లు మరో దారిన, గోతి దారినైనా మనిషి ఒంటి దారినైనా, పోయాయంటే లెక్క తప్పుతుంది, సెకనులో చిన్న భాగంలోనే సరఫరా తెగిపోతుంది. ఒక చేత్తో ఫేజును, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకొన్నవారిని మాత్రం అది రక్షించలేదు, లెక్క ప్రకారం వారు కూడా ఒక బల్బే.

మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్త్ కాలు పొడవుగా ఉండడం వల్ల అది అన్నిటికన్నా ముందు తగులుతుంది, అన్నిటికన్నా చివర ఊడుతుంది. ప్లగ్గు లేదని రెండు తీగల కొసలను రంధ్రాల్లో గుచ్చి అగ్గిపుల్లలు దోపే అలవాటులో మొదట బలయ్యేది ఈ మూడో తీగ.

ఇక ఎలక్ట్రీషియన్ జేబులోని టెస్టరు. అందులో నియాన్ దీపంతో పాటు పది లక్షల ఓముల దరిదాపుల్లో నిరోధం ఉంటుంది. వెనక బిళ్ల మీద వేలు ఆనించినప్పుడు ఒంట్లోంచి ఒక మిల్లీ ఆంపియరులో నాలుగో వంతు కూడా పారదు గనుక అది తెలియదు, దీపానికి మాత్రం అది చాలు. టెస్టరు చూపించేది రంధ్రానికీ దాన్ని పట్టుకొన్న మనిషికీ మధ్య ఉన్న తేడాను. రెండు రంధ్రాల మధ్య తేడా గురించి అది ఏమీ చెప్పదు. ఇంట్లో ఏదీ పనిచెయ్యదు, ప్లగ్గులో టెస్టరు పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది. ‘రెండు వైపులా ఫేజే చూపిస్తోంది’ అని ఇంటివారు కంగారు పడతారు. మీటరు దగ్గర న్యూట్రల్ ఊడిపోయింది, ఎక్కడో ఒక ఫ్యాను స్విచ్చు వేసి ఉంది, ఆ ఫ్యాను చుట్టల గుండా ఫేజు మట్టం తెగిన న్యూట్రల్ తీగకూ పాకింది. ప్రవాహం లేదు గనుక దారిలో మట్టం ఏమీ తగ్గలేదు. రెండు రంధ్రాలూ ఒకే ఎత్తులో నిలిచాయి, వాటి మధ్య తేడా సున్నా. మెయిన్ ఆపి, ఊడిన మరను బిగించి, మళ్లీ మెయిన్ వేస్తే రెండో రంధ్రంలో టెస్టరు ఆరిపోతుంది, ఇంట్లో దీపాలు వెలుగుతాయి.